యుద్ధం ముగిశాక మిగిలిన పద్దు: మంగోలుల ఏలుబడిలో బష్కిర్ తెగలు

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న ప్రశ్న. దరోగా అన్న మాట విననివాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? పాత హిందీ సినిమాలో పోలీసు స్టేషన్ వచ్చిందంటే దరోగా సాబ్ వచ్చినట్టే. సరే, ఇంకో మాట. బహద్దూర్. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారికి ఇంగ్లీషువాళ్ళు ఇచ్చిన బిరుదు రావు బహద్దూర్. ఈ రెండు మాటలూ మనకి పారసీకం మీదుగా వచ్చాయి. మరి పారసీకానికి ఎక్కడివి? దరోగా అచ్చంగా మంగోలు మాట, దరుగ. మంగోలులో "దరు" అంటే నొక్కడం. ముద్ర నొక్కేవాడు, అంటే ఖాన్ తరఫున ఒక ఊరి మీదో ఒక తెగ మీదో కూర్చుని పన్ను వసూలు చూసే అధికారి. బహద్దూర్ ఏమో బాతుర్, వీరుడు.

ఇవాళ మనం చెప్పుకోబోయే చోటికి కూడా ఈ మాటలు చేరాయి. ఇవాళ్టి రష్యాలో, ఉరల్ పర్వతాల దక్షిణపు కొస. టర్కిక్ భాష మాట్లాడే బష్కిర్ల నేల. అక్కడ మంగోలులు ఎన్ని యుద్ధాలు గెలిచారన్నది రెండు ముక్కల్లో అయిపోతుంది. పన్ను ఎలా కట్టించుకున్నారు, నేల ఎవరిది అన్నారు, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టారు, అసలు సంగతంతా అక్కడుంది. మంగోలులు పోయాక 400 ఏళ్ళకి కూడా బష్కిర్లు ఆ పద్దుల ప్రకారమే తమ హక్కులు అడిగారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు నేల. పటం మనసులో పెట్టుకోండి. వోల్గా నది, దానికి తూర్పున కామా, కామాలో కలిసే బేలయా. బష్కిర్లు బేలయాని అగిదెల్ అంటారు, తెల్ల నది. దాని ఒడ్డునే ఇవాళ్టి బష్కొర్తొస్తాన్ రాజధాని ఉఫా. దక్షిణానికి వస్తే యాయిక్ నది. ఇవాళ పటాల్లో దాన్ని ఉరల్ నది అని రాస్తారు. అక్కడి కోసాక్కులతో పుగచోవ్ చేసిన తిరుగుబాటు తర్వాత 1775లో రష్యా రాణి కేథరిన్ ఆ పేరే వినపడకూడదని మార్పించింది. కాబట్టి పాత పుస్తకంలో యాయిక్ అని కనిపిస్తే ఉరల్ నది అనుకోండి. ఉత్తరాన, కొండల్లో దట్టమైన అడవి. దక్షిణాన చెట్టు లేని గడ్డి మైదానం. అడవి, మైదానం రెండూ ఒకే తెగకి అందుబాటులో ఉండటం, ఇది గుర్తుపెట్టుకోండి, దీని మీదే తర్వాత పన్ను కథంతా నడుస్తుంది.

చలికాలం గురించి ఒక్క మాట చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఇక్కడ పశువులకి ఎండుగడ్డి కోసి దాచిపెట్టడం తక్కువ. మంచు కింద ఉన్న గడ్డినే మేపాలి. ఎలా? ముందు గుర్రాలని వదులుతారు. గుర్రం ముందుకాలి గిట్టతో మంచుని తవ్వి కింద గడ్డి తింటుంది. అది తవ్విన చోట గొర్రెలు వెనక నడుస్తాయి. గొర్రె తనంతట తాను లోతు మంచు తవ్వలేదు. ఆవైతే అసలే తవ్వలేదు. అందుకే ఈ మైదానంలో గుర్రాల మంద లేనివాడికి గొర్రెల మంద కూడా నిలవదు. మరి ఎక్కడ దెబ్బతింటుంది? మధ్యలో ఒకరోజు కాస్త వేడెక్కి, పై మంచు కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డ కట్టిందనుకోండి. పైన గాజు పలకలాంటి పొర. గుర్రం గిట్ట జారుతుంది, పగలదు, కాలు కోసుకుంటుంది. వారం రోజులు అలా ఉంటే మందకి మందే పోతుంది. మైదానపు టర్కిక్ భాషల్లో దీన్ని జుత్ అంటారు. జుత్ వచ్చిన ఏడాది పన్ను కట్టే తెగ మరుసటి ఏడాదికి పక్క తెగ దగ్గర ఆశ్రయం అడిగే తెగ అయిపోతుంది. తెగల పేర్లు ఎందుకు అన్ని చోట్లా చెల్లాచెదురుగా కనిపిస్తాయి అని తర్వాత అడుగుతారు చూడండి, సగం జవాబు ఇదే.

ఒక పేరు, ఇద్దరు జనం

ఇప్పుడు ఆధారాల దగ్గరికి వద్దాం. ఇక్కడ పెద్ద గొయ్యి ఒకటుంది, అందరూ అందులోనే పడతారు.

922లో బాగ్దాదు ఖలీఫా ముక్తదిర్ పంపిన రాయబారంతో ఇబ్న్ ఫద్లాన్ వోల్గా నడిమి ఒడ్డున రాజ్యమున్న బుల్గార్ల దగ్గరికి వెళ్తూ ఈ నేల దాటాడు. వీళ్ళని బాష్గిర్ద్ అన్నాడు, టర్కుల్లో ఒక తెగ అన్నాడు, వీళ్ళంటే మాకు భయం వేసింది అని కూడా రాశాడు. పన్నెండుమంది దేవుళ్ళ లెక్క చెప్పాడు: చలికి ఒకడు, ఎండకి ఒకడు, వానకి, గాలికి, చెట్లకి, మనుషులకి, గుర్రాలకి, నీళ్ళకి, రాత్రికి, పగలికి, చావుకి, భూమికి. ఆకాశంలో ఉన్నవాడు వీళ్ళందరికీ పెద్ద. అంతవరకూ బాగుంది.

కానీ అరబ్బు, పారసీక రచయితలు అదే బాష్గిర్ద్ అన్న పేరుని ఇంకెవరికి వాడారో తెలుసా? హంగేరీ వాళ్ళకి! అవును, యూరప్ నడుమ ఉన్న హంగేరీకే. 13వ శతాబ్దంలో మంగోలుల చరిత్ర రాసిన జువైనీ బాష్గిర్ద్‌ల మీద చెంగిజ్ మనవడు బాతు ఖాన్ దండయాత్ర అని రాస్తే, అది 1241లో హంగేరీ మీద జరిగిన దండయాత్ర. ఉరల్ కొండల మాట కాదు. ఆ పుట చదివి, బష్కిర్లు నాలుగున్నర లక్షల మందితో పోరాడారు అని ఉత్సాహంగా రాసేసినవాళ్ళున్నారు. ఎవరి యుద్ధం ఎవరి ఖాతాలో పడింది చూడండి.

ఈ కలగాపులగానికి కారణం లేకపోలేదు. హంగేరీయుల పూర్వీకులు ఒకప్పుడు ఈ వోల్గా, ఉరల్ ప్రాంతంలోనే ఉన్నారు, కొంతమంది పడమరకి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయారు. 1235లో హంగేరీ నుంచి నలుగురు డొమినికన్ సన్యాసులు వాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరితే, చివరికి చేరింది జూలియన్ ఒక్కడే. బుల్గార్ల నగరానికి రెండు రోజుల ప్రయాణ దూరంలో, పెద్ద నది పక్కన, తన భాష మాట్లాడే జనం కనిపించారు అతనికి. సేద్యం లేదు, గుర్రాలు మెండు, ఆయుధాలు మెండు. 1253లో మంగోలుల దగ్గరికి వెళ్ళిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి రూబ్రుక్ కూడా, పస్కతీర్ (అంటే బష్కిర్ల నేల) వాళ్ళ భాష హంగేరీ భాష ఒకటే, వాళ్ళు పశువుల కాపరులు, వాళ్ళకి ఊళ్ళు లేవు అని రాశాడు. అయితే ఒకటి గమనించాలి. రూబ్రుక్ పస్కతీర్ నేలలో అడుగుపెట్టలేదు. వోల్గా నుంచి పన్నెండు రోజులు గుర్రం మీద వెళ్ళి యాయిక్ దాటుతూ, ఈ నది ఉత్తరాన పస్కతీర్ నుంచి వస్తుంది అన్నాడు. భాష సంగతి డొమినికన్లు చెబితే విన్నది. విన్నదాన్ని కన్నదిగా లెక్కేయకూడదు కదా?

మరి మంగోలులు ఏమన్నారు? వాళ్ళ సొంత గ్రంథం, మంగోలుల రహస్య చరిత్ర, చెంగిజ్ ఖాన్ సుబుతాయి సేనానిని ఉత్తరానికి పంపినప్పుడు పదకొండు జనాల పేర్లు చెబుతుంది. కంగ్లిన్, కిప్చాక్, ఒరుసుత్ అంటే రష్యన్లు, ఇలా పోతూ ఆ జాబితాలోనే బజిగిత్ అని ఒక పేరు, మజరత్ అని ఇంకో పేరు. బజిగిత్ బష్కిర్లు, మజరత్ మజ్యార్లు, అంటే హంగేరీయులు. పారసీక పండితుడు ఒక్కటి చేసినదాన్ని మంగోలు లెక్కగాడు రెండుగా రాసుకున్నాడు. ఎందుకంటే ఇతను పన్ను వేయాల్సినవాడు. ఎవరు ఎవరో తెలియకపోతే పన్ను ఎలా వస్తుంది?

పద్నాలుగేళ్ళు

యుద్ధం సంగతి త్వరగా చెప్పేస్తాను.

1223లో కల్కా నది దగ్గర రష్యన్లని ఓడించి తిరిగివస్తున్న సుబుతాయిని వోల్గా బుల్గార్లు దెబ్బ కొట్టారు. 1229లో, రష్యన్ వృత్తాంతంలో ఒక వాక్యం ఉంది, యాయిక్ నది దగ్గర కాపలా కాస్తున్న బుల్గార్ దళాలు తాతార్ల, అంటే మంగోలుల, చేతిలో దెబ్బతిని పారిపోయి వచ్చాయని. చూడండి, బుల్గార్ల ముందు కాపలా యాయిక్ దగ్గర ఉంది. మధ్యలో ఉన్నది ఎవరి నేల? 1232లో మంగోలులు బుల్గార్ల మహానగరం దాకా రాకుండానే దారిలో చలికాలం గడిపారు అని ఇంకో వాక్యం. 1236లో బుల్గార్ నగరం నేలమట్టం. అంటే 1223 నుంచి 1236 దాకా ఈ యాయిక్, అగిదెల్ మధ్య నేల యుద్ధభూమిగానే ఉంది.

జూలియన్ యాత్ర గురించి రెండు కాగితాలు మిగిలాయి, అవి రెండూ రెండు మాటలు చెబుతాయి. మొదటి యాత్ర తర్వాత రిక్కార్దుస్ అనే సన్యాసి రాసిన నివేదికలో, తాతార్లు ఈ జనంతో మొదటి యుద్ధంలో ఓడిపోయి, తర్వాత వీళ్ళతో పొత్తు కలిపి, ఇద్దరూ కలిసి పదిహేను రాజ్యాలని పాడుచేశారు అని ఉంది. రెండో ప్రయాణం తర్వాత జూలియన్ తానే రాసిన ఉత్తరంలో, తాతార్లు పద్నాలుగేళ్ళు పోరాడి పదిహేనో ఏట వాళ్ళని లొంగదీసుకున్నారు అని ఉంది. పొత్తా, ఓటమా? నన్నడిగితే రెండూ నిజమే కావచ్చు. తెగలు పది ఉన్నప్పుడు పదీ ఒకే రోజు ఒకే నిర్ణయం తీసుకోవు. ఒక బీయ్, అంటే తెగ పెద్ద, కానుకలు పట్టుకుని ముందే వెళ్తాడు. పక్క లోయలో ఇంకో బీయ్ పోరాడతాడు. బయటినుంచి చూసేవాడికి అంతా ఒకే జనం. ఇంతకీ జూలియన్ చెప్పింది మజ్యార్ల గురించా, బష్కిర్ల గురించా అన్న తగవు ఇప్పటికీ నడుస్తోంది. ఇద్దరూ పక్కపక్కనే ఉన్న నేల కాబట్టి ఆ పద్నాలుగేళ్ళు ఇద్దరి మీదా పడ్డాయనుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

ఎవరి కిందికి వచ్చారు?

చెంగిజ్ పెద్దకొడుకు జోచి. ఈ పడమటి నేలంతా జోచి వాటా, ఉలుస్. జోచికి తండ్రి ఇచ్చిన మంగోలు సైన్యం ఎంతో తెలుసా? పారసీక చరిత్రకారుడు రషీదుద్దీన్ లెక్క ప్రకారం నాలుగు వేలు. రహస్య చరిత్ర ఇంకాస్త ఉదారంగా తొమ్మిది వేల మంది జనాన్ని ఇచ్చినట్టు చెబుతుంది. ఏదైనా సరే, ఇర్తిష్ నది నుంచి వోల్గా దాటి పరచుకున్న మైదానానికి ఇది చారెడు ఉప్పు. మిగతా సైన్యమంతా అక్కడి జనమే, ఎక్కువమంది కిప్చాక్ టర్కులు. కైరోలోనూ డమాస్కస్‌లోనూ పనిచేసిన అల్ ఉమరీ 1340ల నాటికే రాశాడు: తాతార్లు కిప్చాక్‌లని జయించారు గానీ, వాళ్ళతో వియ్యమంది, ఆ నేల గుణం వీళ్ళ పుట్టుక గుణాన్ని మింగేసి, ఇద్దరూ ఒకే జాతి వాళ్ళలా అయిపోయారు, అని. నూరేళ్ళలో జరిగిందిది.

జోచి కొడుకుల్లో ఇద్దరు మనకి ముఖ్యం. బాతు, షిబాన్. హంగేరీ దండయాత్ర నుంచి తిరిగొచ్చాక బాతు తమ్ముడు షిబాన్‌కి నేల ఇచ్చాడని 17వ శతాబ్దపు ఖీవా ఖాన్ అబుల్ ఘాజీ రాశాడు. ఈయన ఖాన్, పైగా ఆ వంశంవాడే, కాబట్టి కాస్త సొంత డబ్బా ఉంటుంది, అయినా ఆ హద్దులు చూడండి. వేసవిలో యాయిక్‌కి తూర్పున, ఉరల్ కొండల దాకా, ఇర్గిజ్, ఓర్, ఇలెక్ నదుల దగ్గర ఉండు. చలికాలంలో సిర్ దర్యా ఒడ్డున, చూ, సారిసూ నదుల చివళ్ళలో ఉండు. మంద తోలుకుంటూ ఏటా ఎంత దూరమో ఊహించుకోండి, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి.

దీన్నిబట్టి ఏం తేలుతోంది? షిబాన్ మందలు ఉరల్ కొండల అంచుకి చేరేది వేసవిలోనే. బష్కిర్లు వేసవిలో కొండ మీది పచ్చికలకి ఎక్కుతారు, చలికాలానికి నది లోయల్లోకి దిగుతారు. మంచు తవ్వి మేసే ఆ చలికాలపు నేలలు, ప్రాణం నిలిపే నేలలు, ఖాన్ దొడ్డికి అక్కర్లేదు. పెద్ద దొరకి, కిందివాడికి ఒకే ఋతువులో ఒకే గడ్డి మీద తగవు రాలేదు. బష్కిర్లు ఉన్నచోటే ఉండిపోగలిగారంటే, నా లెక్కలో వాళ్ళ శౌర్యం కన్నా ఈ ఋతువుల ఏర్పాటుకే ఎక్కువ మార్కులు.

అలాగని కొత్తవాళ్ళు రాలేదని కాదు. బుర్జ్యాన్, ఉసెర్గాన్, తంగౌర్, తమ్యాన్, యుర్మతీ, ఇవి పాత తెగలు. మంగోలు కాలంలో వచ్చి కలిసినవాళ్ళుగా పండితులు ఎక్కువగా చెప్పేవి కిప్చాక్, తబిన్, కతాయ్, మిన్, సల్యుత్. పేర్లు గమనించండి. కతాయ్ అంటే ఖితాన్, ఎక్కడో మంచూరియా అంచున పుట్టిన పేరు. సల్యుత్‌ని సల్జియుత్ అనే మంగోలు తెగతో కలుపుతారు. జోచికి ఇచ్చిన నాలుగు వేలలో ఒక వెయ్యికి నాయకుడు సల్జియుత్ వాడే అని రషీదుద్దీన్ చెప్పాడు. ఇక మిన్ అంటే వెయ్యి. మంగోలుల సైన్యం పదులు, వందలు, వేలు, పదివేలుగా ఉంటుంది. వెయ్యి అంటే వెయ్యిమంది రౌతుల్ని ఇవ్వాల్సిన కుటుంబాల గుంపు. ఆ సైనిక లెక్కే తెగ పేరయి ఉండొచ్చు. మిన్ తెగలో ఒక శాఖ పేరు కిర్క్-ఉయ్లె మిన్. కిర్క్ నలభై, ఉయ్ ఇల్లు. నలభై ఇళ్ళ వెయ్యి! పద్దు పుస్తకంలోంచి నేరుగా లేచి వచ్చినట్టు లేదూ?

కానీ ఇక్కడో జాగ్రత్త. ఇవే పేర్లు కజాఖుల్లో ఉన్నాయి, ఉజ్బెకుల్లో ఉన్నాయి, మైదానపు ఇంకో టర్కిక్ జనం నొగాయిల్లో ఉన్నాయి. కోకండ్‌ని ఏలిన ఉజ్బెక్ వంశం కూడా మింగ్ వంశమే. మన దగ్గర ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది, అంతమాత్రాన నలుగురూ అన్నదమ్ముల బిడ్డలు అంటామా? తెగ పేరు అంటే రక్తం కాదు. ఒకప్పుడు ఏ జెండా కింద లెక్కలోకి ఎక్కారో చెప్పే గుర్తు, అంతే.

షెజెరె చదవడం ఎలా

బష్కిర్లు తమ గురించి తాము ఏం చెప్పుకున్నారు? దానికి షెజెరెలు ఉన్నాయి. అరబ్బీలో షజర అంటే చెట్టు. మన ఉర్దూవాళ్ళు షజ్రా అంటారు, మనం వంశవృక్షం అంటాం, అందరికీ చెట్టే గుర్తొచ్చింది. ప్రతి తెగకీ ఒక షెజెరె. ఉసెర్గాన్ తెగ షెజెరెలో తుక్సబా కొడుకు ముయ్‌తాన్ బీయ్ కానుకలు పట్టుకుని చెంగిజ్ ఖాన్ దగ్గరికి వెళ్ళాడనీ, ఖాన్ అతనికి బీయ్ పదవినీ, తన నేల తనదేనని యర్లిక్‌నీ ఇచ్చాడనీ ఉంటుంది. యర్లిక్ అంటే ఖాన్ ముద్ర వేసిన ఫర్మానా. యాయిక్, సక్మారా లాంటి నదుల పేర్లతో హద్దులు కూడా చెబుతారు. 17వ శతాబ్దం చివర్లో రాసిన చెంగిజ్ కథల్లో ఇదే ఇంకా పెద్దదవుతుంది. ఖాన్ ఒక్కొక్క బీయ్‌ని పిలిచి ఒక తమ్గా, ఒక చెట్టు, ఒక పక్షి, ఒక ఉరాన్ పంచిపెడతాడు. తమ్గా అంటే పశువు మీద వేసే వాత గుర్తు. ఉరాన్ అంటే యుద్ధంలో మనవాడు ఎవడో తెలియడానికి వేసే కేక.

ఇది చరిత్రా, కట్టుకథా? మన కైఫీయత్తులు చదివినవాళ్ళకి ఈ ప్రశ్నకి జవాబు వెంటనే తట్టాలి. ఫలానా రాయలు మా ముత్తాతకి ఈ చెరువు కింద మాన్యం ఇచ్చాడు అని కరణం రాయించాడంటే, రాయలు ఇచ్చాడో లేదో తర్వాతి సంగతి. రాయించిన రోజున ఆ మాన్యం మీద తగవు ఉందని మాత్రం ఖాయం. షెజెరె కూడా అంతే. మన చేతికి వచ్చినవి తర్వాతి కాలపు నకళ్ళు, రష్యన్ జారు ప్రభుత్వంతో నేల గురించి వాదించుకునే రోజుల్లో కొత్తగా పనికొచ్చినవి. అందుకే చెంగిజ్‌ని నేరుగా తీసుకొచ్చారు. బాతు పేరో, ఏదో షిబాన్ మనవడి పేరో చెబితే కోర్టులో బరువు ఉండదు కదా! చెంగిజ్‌ని తీసేసి చదవండి. నేలకి హద్దు, దానికి బదులుగా సేవ, పన్ను, దానికి ముద్ర ఉన్న కాగితం, ఆ చట్రం మాత్రం మంగోలుల పద్ధతే. చట్రాన్ని నమ్మండి, బొమ్మని కాస్త అనుమానించండి.

పన్ను

ఆ పన్ను పేరు యసాక్. అడవి తెగలకి అది ముఖ్యంగా బొచ్చు తోళ్ళు, తేనె. బొచ్చులో మార్టెన్, నక్క, బీవర్. మార్టెన్ అంటే మన ముంగిస పొడవుండే అడవి జంతువు, చెట్లెక్కుతుంది. చలికాలంలో పట్టాలి, వేసవిలో బొచ్చు పలచబడి ధర రాదు. ఇంకా ముఖ్యం, తోలుకి చిల్లు పడకూడదు. అందుకని కొస మొద్దుగా ఉన్న బాణం వాడతారు, దెబ్బకి పడిపోవాలి, గుచ్చుకోకూడదు.

తేనె సంగతి ఇంకాస్త చెబుతాను, ఎందుకంటే నేల హక్కు అంటే ఏమిటో అక్కడ కంటికి కనిపిస్తుంది. బుర్జ్యాన్ అడవుల్లో ఈ పని ఇవాళ్టికీ ఉంది. నల్లమలలో మన చెంచులు తేనెటీగలు తమంతట తాము కట్టిన పట్టు దగ్గరికి తాడేసుకుని దిగుతారు. బష్కిర్ అలా కాదు, ఈగలకి ఇల్లు తనే తొలిచి పెడతాడు. ముదురు పైన్ చెట్టు ఎంచుకుంటాడు, లేత చెట్టు తొలిస్తే గాలికి విరుగుతుంది. తోలు పేనిన పొడవాటి పగ్గం, దాని పేరు కిరామ్, చెట్టు చుట్టూ, తన నడుం చుట్టూ వేసుకుని, కాండానికి గాట్లు పెట్టుకుంటూ మనిషికి రెండు మూడింతల ఎత్తుకి, ఒక్కోసారి ఇంకా పైకి ఎక్కుతాడు. అక్కడ కాండం లోపలికి నిలువు తొర్ర తొలుస్తాడు. ఈగల ద్వారం ఎండ వచ్చేవైపు, తాను చెయ్యి పెట్టే పొడుగు సందు వేరేవైపు, దానికి చెక్క మూత. తొలిచిన వెంటనే ఈగలు రావు. జిగురు ఆరాలి, చెమ్మ పోవాలి, ఏడాదో రెండేళ్ళో పడుతుంది. తేనె ఏటికి ఒక్కసారి, వేసవి చివర. మొత్తం కోసేస్తే ఈగలు చలికాలం దాటవు, మరుసటి ఏడు తొర్ర ఖాళీ. ఇంకో శత్రువు ఎలుగుబంటి. ద్వారం ముందు ఒక బరువైన మొద్దుని తాడుతో వేలాడదీస్తారు. ఎలుగు దాన్ని పక్కకి తోస్తుంది, అది ఊగి వచ్చి తలకి కొడుతుంది. కోపం వచ్చి ఇంకా గట్టిగా తోస్తుంది, ఇంకా గట్టిగా తగులుతుంది!

ఇప్పుడు చూడండి. ఆ చెట్టు కాండం మీద గొడ్డలితో తెగ తమ్గా చెక్కుతారు. ఆ చెట్టు ఇక ఆ ఇంటిది, తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. పశువు మీద వాత, చెట్టు మీద గాటు, యర్లిక్ మీద ముద్ర, మూడింటి పనీ ఒకటే. మంగోలులకి ముందే తమ్గా ఉంది, అది పాత టర్కిక్ ఆచారం. మంగోలులు చేసిందల్లా దాన్ని పన్ను పద్దుకి కట్టడం. ఈ తెగ యసాక్ కడుతోంది, కాబట్టి ఈ నేల ఈ తెగది. ఒక్క మనిషిది కాదు, తెగది. ఇది రెండువైపులా నడిచే వాదం, కడుతున్నాం కాబట్టి మాదే అని వీళ్ళూ అనొచ్చు. అన్నారు కూడా.

నమ్మకం, టోపీ

జోచి ఉలుస్ ఖాన్ ఉజ్బెక్ 1313లో గద్దెనెక్కి ఇస్లాంని దర్బారు మతం చేశాడు. అడవుల్లోకి అది ఎంత త్వరగా వెళ్ళింది? అల్ ఉమరీ, బష్కిర్ల నేలలో ఒక ముస్లిం ఖాజీ ఉన్నాడు, అక్కడ ఆయనకి గౌరవం ఎక్కువ అని రాశాడు. ఉఫాకి పడమర, చిష్మీ దగ్గర అక్జియారత్ శ్మశానంలో హుసేన్ బెక్ సమాధి ఉంది. రాతి మీద తుర్కిస్తాన్ నుంచి వచ్చిన ఉమర్ బెక్ కొడుకు హుసేన్ బెక్ అని, హిజ్రీ 742 అని, అంటే 1341-42. ఇప్పుడు కనిపించే కట్టడాన్ని 1911లో పునరుద్ధరించారు, ఫొటో చూసి అదంతా 14వ శతాబ్దపుది అనుకోకండి, రాయి మాత్రం పాతది. అదే కాలపు మామూలు సమాధుల్లో, పురావస్తువాళ్ళు చియలిక్ సంస్కృతి అనేవాటిలో, శవం తల పడమరకి, ముఖం దక్షిణానికి, అంటే మక్కా వైపు తిరుగుతుంది, పక్కన పెట్టే సామాను తగ్గిపోతుంది. కాగితం కన్నా మట్టి ఇక్కడ నిజాయితీగా మాట్లాడుతోంది.

మైదానం వైపు దిబ్బ సమాధుల్లో మాత్రం ఇంకో బొమ్మ. గుర్రపు సామాను, రికాబులు, ఆడవాళ్ళ తల దగ్గర భూర్జ బెరడు గొట్టం. అది బోక్తా అనే టోపీ. రూబ్రుక్ దాని కొలత కూడా ఇచ్చాడు: రెండు చేతుల్లో పట్టేంత లావు, మూరకి పైన ఎత్తు, కొస చతురస్రం, పట్టుగుడ్డ తొడుగు, పైన ఈకల కాడలు. మంగోలు దొరసానుల ఫ్యాషన్ అది. వోల్గా, ఉరల్ మైదానంలో ఆ బెరడు దొరికిందంటే వచ్చింది మంగోలు ఆవిడ అని కాదు, ఆ కొలువులో పరువు ఏ టోపీకి ఉందో అక్కడివాళ్ళకి తెలుసని.

కూలిన తర్వాత

1391లో తైమూర్ తొబోల్, యాయిక్ నదులు దాటుకుని వచ్చి జూన్ 18న కొందుర్చా నది దగ్గర జోచి ఉలుస్ ఖాన్ తొఖ్తమిష్‌ని ఓడించాడు. అది బష్కిర్ల పడమటి గుమ్మం. 1395-96లో వోల్గా దిగువ నగరాలు తగలబడ్డాయి. 15వ శతాబ్దానికి బష్కిర్ల నేల మూడు ముక్కలు: పడమర, వాయవ్యం కజాన్ ఖాన్‌లకి, నడుమ, దక్షిణం నొగాయిలకి, తూర్పు సైబీరియా ఖాన్‌లకి. దొర మారాడు, యసాక్ మారలేదు. 1550ల్లో కజాన్ రష్యన్ల చేతిలో పడిపోయాక తెగలు ఒక్కొక్కటే జారుకి లొంగినప్పుడు, యుర్మతీ షెజెరె ప్రకారం తాతిగాస్ బీయ్ ఒప్పుకున్న యసాక్ వంద మార్టెన్ తోళ్ళు. దానికి బదులుగా వాళ్ళు అడిగింది మా నేల మాకు ఉండాలి అని. పాత ఒప్పందమే, ముద్ర కొత్తది.

మొదట్లో చెప్పిన దరోగా దగ్గరికి వస్తాను, ఇక్కడో తప్పు చాలామంది చేస్తారు, మీరు చేయకండి. జారు గుమస్తాలు బష్కిర్ల నేలని నాలుగు భాగాలుగా రాసుకున్నారు, 18వ శతాబ్దం దాకా అవి నడిచాయి: నొగాయ్, కజాన్, సైబీరియా, ఓసా. ఒక్కొక్క భాగాన్నీ దరోగా అనేవారు. రష్యన్ చెవికి అది దరోగగా వినిపించింది, వాళ్ళ భాషలో దరోగ అంటే రోడ్డు! కాగితాల్లో అలాగే ఎక్కింది, ఆ కాగితాలు ఇంగ్లీషులోకి పోయినప్పుడు నొగాయ్ రోడ్డు, సైబీరియా రోడ్డు అయ్యాయి. ఎప్పుడైనా పాత పటంలో మీకు నొగాయ్ రోడ్డు కనిపిస్తే, అది ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతుందా అని వెతక్కండి. అక్కడ రోడ్డు లేదు, యసాక్ వసూలు చేసే దరోగా కూర్చున్న మేరకి ఒక జిల్లా ఉంది, అంతే.

ఇక ప్రశ్నలుంటే అడగండి.